జులై ఆరా? జూన్ పదిహేనా?

అస్సెన్, ఆదివారం, 14 జనవరి 1996

మార్లైన్‌కు నానమ్మ రాయునది.

ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న రైతు హాక్టింగ్ నుంచి కార్డు వచ్చింది. డిసెంబరు గాలికి అతని కొట్టం కప్పు లేచిపోయిన సంగతి నీకు తెలుసు. కొత్త కప్పు వేయించాడు. చలికాలానికని మనలాంటివాళ్లు అక్కడ దాచుకున్న ముప్పై ఎనిమిది కారవాన్లనూ, ఆ చక్రాల ఇళ్లన్నిటినీ, ఫిబ్రవరి మొదటి వారంలో ట్రాక్టరుతో మళ్లీ వరుస పెడతాడట. బండికీ బండికీ మధ్య జానెడే ఖాళీ. వేసవిలో ముందు బయలుదేరేది తలుపు దగ్గర, ఆఖరున బయలుదేరేది వెనక గోడ దగ్గర. అందుచేత ప్రతివాళ్లూ బయలుదేరే తేదీని ఒకటో తారీఖులోగా రాసివ్వాలి. ఒకసారి ఇచ్చిన తేదీ మారదు.

మన కారవాన్‌ను అక్కడ పెట్టివచ్చిన పదకొండో రోజున మీ తాతయ్య పోయాడు. నాకు కారు నడపడం వచ్చు. కారు వెనక కారవాన్ తగిలించుకుని నడపడానికి వేరే లైసెన్సు కావాలి. అది మన ఇంట్లో తాతయ్యకు ఉండేది, ఇప్పుడు నీకొక్కదానికే ఉంది. మీ నాన్న సంగతి ఎత్తను. నా కొడుకే అయినా అతనికి సెలవంటే హోటలే.

కాబట్టి అడుగుతున్నాను. ఈ వేసవిలో నువ్వు నడుపుతావా? జులై 6 శనివారం, పొద్దున ఆరున్నరకు బయలుదేరడం. మోజెల్ నది ఒడ్డున ఎప్పటి క్యాంపు, ఎప్పటి 27వ నంబరు జాగా, మూడు వారాలు. దూరం 412 కిలోమీటర్లు. నేను రాసిపెట్టిన పందొమ్మిది వేసవుల పుస్తకాల్లో 409కి తగ్గింది లేదు, 418కి మించింది లేదు.

నీకు వీలు కాకపోతే మొహమాటపడకు. హాక్టింగ్ కొనేవాళ్లను చూస్తానన్నాడు, అమ్మేస్తాను. ఊరికే నిలబెడితే టైర్లు పాడవుతాయి.

జవాబు ఉత్తరంగానే కావాలి. ఫోనులో అన్నమాటను నేను ఫైలులో పెట్టలేను.

కాలువ గడ్డకట్టింది. ఎదురింటి దంతవైద్యుడు స్కేట్లు కట్టుకుని వంతెన దాకా వెళ్లాడు, తిరిగి రావడం మాత్రం నడిచే వచ్చాడు. కిటికీలోంచి చూశాను. నవ్వుదామంటే పక్కన ఎవరూ లేరు, సూపు పొయ్యి మీద ఉందని లోపలికి పోయాను.

నీ నానమ్మ,
యాంటినా బ్రాండ్స్

*

మాస్ట్రిక్ట్, 21 జనవరి

నానమ్మా,

నడుపుతాను! ఇంకో ఆలోచనే లేదు. అమ్మడం గిమ్మడం అన్నావంటే నేనే వచ్చి ఆ కొట్టం తలుపుకి అడ్డంగా కూర్చుంటాను.

కానీ ఒక మాట. కోప్పడకు. పందొమ్మిదేళ్లు ఒకే జాగా! చెట్టు కూడా అన్నాళ్లు ఒకేచోట ఉంటే విసుక్కుంటుంది. ఈసారి కొత్తచోటికి పోదామా? నాతో ఆసుపత్రిలో పనిచేసే ఆమె పోయినేడు చెక్ దేశంలో లిప్నో అనే సరస్సుకి వెళ్లొచ్చింది. చుట్టూ అడవి, నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి. జులైలో జనం ఎక్కువట, జూన్‌లో అయితే ప్రశాంతంగా ఉంటుందట. జూన్ 15న బయలుదేరితే నాకు సెలవు దొరుకుతుంది.

నువ్వు దారి చూపిస్తూ పక్కన కూర్చో, నేను నడుపుతాను. తాతయ్య నేర్పినట్టే మలుపుల్లో అద్దం చూస్తాను, ఒట్టు.

నీ ఇష్టం అనుకో. ఊరికే అడిగాను.

ముద్దులతో,
మార్లైన్

*

అస్సెన్, 25 జనవరి 1996

మార్లైన్‌కు,

నడుపుతానన్నందుకు సంతోషం. ఇక లిప్నో.

గ్రంథాలయానికి వెళ్లి చూశాను. ఇక్కణ్ణుంచి 963 కిలోమీటర్లు. కారవాన్‌తో గంటకు ఎనభై మించకూడదు కనుక దారిలో రెండు మజిలీలు. సరస్సు అన్నావు, అది సరస్సు కాదు, నదికి ఆనకట్ట కట్టి నింపిన నీళ్లు. ఇది నింద కాదు, దిద్దుబాటు. జూన్‌లో అక్కడ వాన ఎక్కువ. పది కిలోల మన బంగాళాదుంపలు మూడు రోజులు కారులో వేడెక్కితే మొలకెత్తుతాయి. "చెక్ దేశంలో బంగాళాదుంపలు ఉండవా నానమ్మా?" అంటావు. ఉంటాయి. అవి మనవి కావు.

మోజెల్ విషయంలో తెలియనిదంటూ ఏమీ లేదు. 27వ నంబరు జాగా నీటి కుళాయికి నలభై రెండు అడుగులు. కుడివైపు 28లో బ్రెడా నుంచి వచ్చే వాన్ డాంగెన్ దంపతులు. పదిన్నరకు కాఫీ, ఆదివారం వాళ్ల కారవాన్ ముందరి గుడారంలో, బుధవారం మన గుడారంలో. మళ్లీ తీసుకుంటామని ఫిబ్రవరి 15లోగా క్యాంపు యజమానురాలికి రాయాలి, లేకపోతే ఆ జాగా వేరేవాళ్లకు పోతుంది. దాని కోసం పదకొండు కుటుంబాలు కాచుకుని ఉన్నాయి.

చెట్టు విసుక్కుంటుందన్నావు. చెట్టు సంగతి నాకు తెలియదు. ముసలివాళ్లతో కాఫీ తాగడం ఇరవై ఏడేళ్ల పిల్లకు విసుగ్గా ఉండవచ్చు, అది నాకు అర్థమవుతుంది. పోయిన మూడు వేసవుల్లో నువ్వు మా దగ్గర వరుసగా ఆరు రోజులు, నాలుగు రోజులు, రెండు రోజులు ఉన్నావు. రాసిపెట్టాను కనుక చెబుతున్నాను, దెప్పడానికి కాదు.

ఇక్కడ అంతా మామూలే. గురువారం సూపు ఇంకా ఇద్దరికి సరిపడానే అవుతోంది. కొలత మార్చాలి.

నీ నానమ్మ,
యాంటినా బ్రాండ్స్

*

మాస్ట్రిక్ట్, 29 జనవరి

నానమ్మా,

సరే. మోజెల్. ఒప్పేసుకున్నాను, ఇంక ఆ మాట ఎత్తను!

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరు, నాలుగు, రెండు అన్నది మాత్రం మూడుసార్లు చదివాను. అబ్బా, నువ్వు లెక్కల టీచరుగా ఎంతమందిని ఏడిపించావో!

తాతయ్య ఉన్నచోటే ఉండాలని నీకు ఉంటుంది కదా, నాకు ముందే తట్టి ఉండాల్సింది. నా జూన్ సెలవు వదిలేసి జులై 6 నుంచి తీసుకున్నాను. ఆనెమీకె అని నాతో పనిచేసే ఆమె తన జులై వారాలు నాకిచ్చి నా జూన్ వారాలు తీసుకుంది. వెంటనే స్పెయిన్ టిక్కెట్లు కూడా కొనేసింది, ఆమెతో అంతే. మా పెద్ద నర్సు సంతకం పెడుతూ, "ఇంక మార్చమని నా గుమ్మం తొక్కావంటే చూడు," అంది. "మా నానమ్మ తేదీ ఇస్తే గడియారాలే దిద్దుకోవాలి, మార్చడమేమిటి," అన్నాను.

హాక్టింగ్‌కి జులై 6 అని రాసెయ్యి. నేను బంగాళాదుంపలు మోస్తాను. బుధవారం కాఫీ కూడా నేనే కలుపుతాను.

ముద్దులతో,
మార్లైన్

*

అస్సెన్, 30 జనవరి 1996

మార్లైన్‌కు,

నీ జవాబు కోసం ఆగలేదు. ఒకటో తారీఖు దగ్గరపడింది, ఎవరో ఒకరు నిర్ణయించాలి కనుక నేనే నిర్ణయించాను.

లిప్నోకే వెళదాం.

కారణాలు అడగవద్దు. ఆదివారం అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను. నడిపేది నువ్వు. నడిపే మనిషి ఇష్టం లేని చోటికి 412 కిలోమీటర్లు నడపడం కంటే, ఇష్టమైన చోటికి 963 నడపడం తేలిక అనిపించింది. ఇది గణితం కాదు, అయినా సరిగ్గానే ఉంది.

నిన్న హాక్టింగ్ దగ్గరికి స్వయంగా వెళ్లి జూన్ 15 అని రాసిచ్చాను. "జూనా? టీచరమ్మా, మీరా? ఈ కొట్టంలో గోడ గడియారం తప్పినా మీ జులై మొదటి శనివారం తప్పదనుకున్నానే!" అన్నాడు. "నీ గడియారం నాకు తెలిసి ఎనిమిది నిమిషాలు వెనక ఉంటుంది, ముందు దాని సంగతి చూడు," అన్నాను. మన బండి ముందు వరుసలో తలుపు పక్కనే ఉంటుంది.

మోజెల్ క్యాంపుకు కూడా రాశాను. 27వ నంబరు ఇక మాకు అక్కరలేదని, పందొమ్మిదేళ్లకు ధన్యవాదాలని. ఐదు వాక్యాలు. పోస్టు డబ్బా దగ్గర కాసేపు నిలబడి వేశాను.

నువ్వు సంతోషిస్తావని అనుకుంటున్నాను.

నీ నానమ్మ,
యాంటినా బ్రాండ్స్

*

మాస్ట్రిక్ట్, 3 ఫిబ్రవరి

నానమ్మా,

ఏం చేశావు? అయ్యో, ఏం చేశావు!

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నా జూన్ సెలవు పోయింది. నీ జాగా పోయింది. లిప్నోకి ఫోన్ చేశాను, జులైలో ఒక్క జాగా కూడా ఖాళీ లేదు. హాక్టింగ్‌కి చేస్తే, "వరుస పెట్టేశానమ్మాయ్. మీ బండి తలుపు దగ్గర ఉంది. దాని వెనక జూన్ 22 వాళ్లున్నారు. 15న అది కదలకపోతే వాళ్లు నా మీద పడతారు. కదిలాక ఆ చోట్లో గడ్డి మోపులు వేస్తాను, మళ్లీ లోపలికి రాదు," అన్నాడు.

నాకు ఏడుపూ వస్తోంది, కోపమూ వస్తోంది. చెప్పేస్తాను. నాకు లిప్నో అంటే మోజేం లేదు నానమ్మా. ఆ 27లో రెండు కుర్చీలు వేసుకుని నువ్వొక్కదానివీ కూర్చోవడం నేను చూడలేననిపించింది. అందుకే కొత్తచోటు అన్నాను. విసుగు కాదు. ఆరు, నాలుగు, రెండు అయింది కూడా నైట్ డ్యూటీల వల్ల. నువ్వు అడిగితే చెప్పేదాన్ని. నువ్వు అడగవు, రాసిపెట్టుకుంటావు!

అందులోకి నాన్న నిన్న ఫోన్‌లో, "అమ్మకి ఆ బండి మీద అంత పట్టేం లేదులే, నీకోసమే అంటోంది," అన్నాడు. అది నిజమేనా? నిజమైతే నన్ను మధ్యలో పెట్టకు. నీకు అమ్మాలని ఉంటే అమ్మెయ్యి.

మార్లైన్

*

అస్సెన్, 7 ఫిబ్రవరి 1996

మార్లైన్‌కు,

నీ ఉత్తరం అందింది. నీ సలహా ప్రకారం కారవాన్‌ను అమ్మకానికి పెట్టాను. హోఖెవేన్ నుంచి ఒక జంట 24వ తేదీన చూడటానికి వస్తున్నారు.

సెలవుకు నువ్వు స్వతంత్రురాలివి.

యాంటినా బ్రాండ్స్

*

మాస్ట్రిక్ట్, 10 ఫిబ్రవరి

నానమ్మా,

నేను అలా అన్నానా? నీకు ఉంటే అన్నాను. "నీకు అమ్మాలని ఉంటే." ఆ ముక్క కనపడలేదా? సంతకం పైన "నీ నానమ్మ" అని కూడా రాయలేదు. ఉత్తరం తిప్పి తిప్పి చూశాను, వెనకవైపు ఏమైనా ఉందేమోనని.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను.

జవాబు రాయి. తిట్టు, ఫర్లేదు. కానీ రాయి.

మార్లైన్

*

అస్సెన్, శనివారం, 2 మార్చి 1996

మార్లైన్‌కు నానమ్మ రాయునది.

మూడు వారాలు ఆలస్యమైంది. నేను అలిగాను. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి అలిగితే అలకను గౌరవం అని పిలుచుకుంటుంది, అంతే తేడా. ఫోను మోగినప్పుడల్లా నువ్వేనని తెలుసు. నాలుగు కాదు, ఐదుసార్లు చేశావు.

జరిగినవి వరుసగా చెబుతాను.

ఫిబ్రవరి 12న వాన్ డాంగెన్ గారి భార్య నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు వాళ్లు కూడా మోజెల్‌కు రావడం లేదట. తాతయ్య లేకుండా అక్కడ ఇనప గుండ్లాట ఎవరితోనూ ఆడనని ఆయన మొండికేశాడట. నాకు చెబితే బాధపడతానని జనవరి అంతా ఆవిడ ఆ సంగతి దాచింది. అంటే నేను ఆ 27వ నంబరును వదులుకోకపోయినా, 28లో కొత్తవాళ్లే ఉండేవాళ్లు. పాతచోటు పోగొట్టానని నేను పదమూడు రోజులు బాధపడ్డాను. అప్పటికే అది అక్కడ లేదు.

24న హోఖెవేన్ జంట వచ్చారు. మంచివాళ్లు. ఆమె అలమరలన్నీ తెరిచి, "అబ్బ, ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ!" అంది. అతను మాత్రం చుట్టూ తిరిగి, "వెనక్కి తోసేటప్పుడు ఇది ఎటు లాగుతుందండీ, ఎడమకా కుడికా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పందొమ్మిదేళ్లు తాతయ్య బండిని జాగాలోకి వెనక్కి తోస్తుంటే, వెనక నిలబడి "ఇంకా, ఇంకా, ఆగు," అని చేతులు ఊపిన మనిషిని నేను. బండి తగిలించి ఉండగా స్టీరింగు ఒక్కసారి కూడా పట్టలేదు. ఎవరూ వద్దనలేదు, నేనూ అడగలేదు. హాక్టింగ్ గడ్డిపరక నములుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. "టీచరమ్మకి జవాబు తెలియని ప్రశ్న! ఈ పూట క్యాలెండరులో రాసుకోవాలి," అన్నాడు.

"ఇవాళ అమ్మను," అన్నాను.

"మరి ఎప్పుడండీ?" అంది ఆమె.

"ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిశాక," అన్నాను. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపాను.

ఇంటికి వచ్చి పుస్తకాలు దింపాను, మొత్తం పందొమ్మిది. 1983 జులై 11న పద్నాలుగు మిల్లీమీటర్ల వాన పడింది. 1990లో కుళాయి దగ్గర పలక మార్చారు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లో, ఏ పూట ఎంత వేడో అన్నీ ఉన్నాయి. తాతయ్య అన్న మాట ఒక్కటి కూడా లేదు. మేము ఏం మాట్లాడుకున్నామో వెతికాను, ఎక్కడా రాయలేదు. జ్ఞాపకం ఉన్నది ఒకటే. ఏటా జనవరిలో ఆయన పేపరు మీదనుంచి తల ఎత్తి, "మోజెలేగా?" అనేవాడు. నేను, "మోజెలే," అనేదాన్ని. అంతే. నా కోసం అడుగుతున్నానని ఆయన, ఆయన కోసం ఒప్పుకుంటున్నానని నేను. నువ్వూ నేనూ రెండు ఉత్తరాల్లో చేసిన తప్పు మేము పందొమ్మిదేళ్లు చేశామేమో. కాదేమో. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

నువ్వు రాసింది సరైనదే. నేను అడగను, రాసిపెట్టుకుంటాను. మీ నాన్న అన్నది తప్పు. నాకు ఆ బండి కావాలి. అది ఎక్కడికి వెళ్లాలన్నది ఇంతవరకు ఆలోచించలేదు. పటం ఒళ్లో పెట్టుకుని "తర్వాతి మలుపు కుడికి" అంటే వినే మనిషి పక్కన ఉంటే చాలనుకున్నాను. ఆ మనిషివి నువ్వు కావాలని నేరుగా అడగకుండా టైర్లు పాడవుతాయని రాశాను.

26న డ్రైవింగు బడికి వెళ్లాను. నేర్పేది ఒక యువతి, పేరు హిల్డా.

"మేడమ్, ట్రైలర్ లైసెన్సు ఎవరికండీ, మనవడికా?"

"నాకు."

"అంటే... వయసు అడగవచ్చా?"

"డెబ్బై ఒకటి. మీకు?"

"ముప్పై నాలుగు."

"అయితే ఓపిక ఉంటుంది. ఎప్పుడు మొదలు?"

నిన్న మొదటి పాఠం. వెనక్కి తోస్తే బండి కుడికి లాగి మూడు నారింజరంగు కోన్లు పడ్డాయి. నాలుగోది పడబోతుంటే ఆపి, నేనే దిగి దాన్ని పక్కన పెట్టి వచ్చాను. "అది మోసం మేడమ్!" అంది హిల్డా. "ముందుచూపు," అన్నాను. చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. తాతయ్య పోయిన అక్టోబరు తర్వాత నా నవ్వు నేను విన్నది అప్పుడే.

హోఖెవేన్ అతనికి కార్డు రాశాను. కుడికి లాగుతుంది, అమ్మను అని.

చేసిన తప్పులకు మన్నించు అని అడుగుతున్నాను. రాసిపెట్టడం లేదు, అడుగుతున్నాను.

ఇక జరగవలసినవి:

1. మే 21, మంగళవారం నా పరీక్ష. తప్పితే జూన్ 4న రెండోసారి. అదీ తప్పితే హాక్టింగ్ ట్రాక్టరుతో బండిని కాలువ పక్కన తన మైదానంలో పెడతాడు, నేను అక్కడే ఉంటాను. అతను ఒప్పుకున్నాడు. ఇంటి ముందు వీధిలో మూడు రోజులకు మించి కారవాన్ నిలపకూడదని ఊరి నిబంధన, అందువల్ల ఇల్లు కుదరదు.

2. పరీక్ష నెగ్గితే జూన్ 15 పొద్దున తొమ్మిదికి కొట్టంలోంచి నేనే బయటికి తీస్తాను. మొదటి రోజు నలభై కిలోమీటర్లు మించను. ఆ మూడు వారాలూ ఒక్కదాన్నే. భయంగానే ఉంది. అందుకని నువ్వు సెలవు మార్చుకోవద్దు.

3. ప్రతి మజిలీ నుంచి కార్డు వేస్తాను. వాతావరణం రాయను.

4. జులై 6న బండి ఏ ఊరిలో ఉంటే ఆ ఊరికి నువ్వు రైల్లో రావాలి. అక్కణ్ణుంచి సగం దూరం నువ్వు, సగం నేను.

5. అక్కణ్ణుంచి ఎక్కడికి అన్నది ఇలా తేలాలి. మార్చి 15 శుక్రవారం నువ్వొక కాగితం మీద, నేనొక కాగితం మీద, ఎవరికి వాళ్లం వెళ్లాలనుకునే చోటు పేరు రాసి, ఒకే రోజు పోస్టు చెయ్యాలి. ఒక్క పేరే. అవతలి మనిషికి ఏది నచ్చుతుందో ఊహించకూడదు. "నీ ఇష్టం" అని రాస్తే తిప్పి పంపుతాను. రెండు పేర్లు వేరైతే ఈ ఏడు నీది, వచ్చే ఏడు నాది.

6. ఆ రోజుకు నాకు ఏ పేరూ తట్టకపోతే ఖాళీ కాగితమే పంపుతాను. దాన్ని అలక అనుకోవద్దు. నన్ను ఇదివరకు ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఇంకా వెతుక్కుంటున్నానని అర్థం.

నీ నానమ్మ,
యాంటినా